చేరని సందేశం, చావని సందేశం

బ్యాంకు ఖాతాల వివరాలనో, రైలు రిజర్వేషన్ల పట్టికలనో ఒకే కంప్యూటరులో భద్రపరిస్తే ఆ యంత్రం చెడిపోయిన రోజున వ్యవహారమంతా ఆగిపోతుంది కనుక, వాటి నకళ్ళను వేర్వేరు చోట్ల ఉన్న అనేక కంప్యూటర్లలో ఉంచడం పరిపాటి అయింది. నెట్‌వర్కు ద్వారా తప్ప మరో విధంగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలు లేని ఇటువంటి కంప్యూటర్లు కలిసి ఒకే పనిని నిర్వహించే ఏర్పాటును డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని, వికేంద్రిత వ్యవస్థ అని అంటారు. ఒక ఖాతాలో మార్పు జరిగితే ఆ కబురు నకళ్ళన్నింటికీ వెళ్ళాలి. అలా ఒకే సందేశాన్ని సముదాయంలోని యంత్రాలన్నింటికీ పంపడమే ప్రసారం, అంటే బ్రాడ్‌కాస్ట్. వినడానికి చాలా సాదాగా కనిపించే ఈ పని కంప్యూటర్ శాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదగడానికి కారణం, పంపడం వేరు, చేరడం వేరు, అందరికీ చేరిందన్న భరోసా వేరు కావడమే.

నెట్‌వర్కులో సందేశాలు దారిలో పోతాయి, ఆలస్యమవుతాయి, ఒకటికి రెండుసార్లు వస్తాయి, ముందు బయలుదేరినది వెనుక చేరుతుంది. యంత్రాలు ఏ క్షణంలోనైనా ఆగిపోతాయి. వీటన్నింటికంటే చిక్కైన విషయం మరొకటి ఉంది: జవాబు రాని యంత్రం ఆగిపోయిందా, లేక దాని జవాబు దారిలో ఆలస్యమైందా అన్నది అవతలి యంత్రానికి తెలిసే మార్గం లేదు. ఎంతసేపు ఎదురుచూసినా ఆ సందేహం తీరదు; ఎదురుచూపు ఆపిన మరుక్షణం జవాబు రావచ్చు. ప్రసారాన్ని నమ్మదగినదిగా చేయడానికి గత 50 ఏళ్ళలో జరిగిన ప్రయత్నాలన్నీ ఈ ఒక్క సందేహాన్ని భరిస్తూ ఎలా నెగ్గుకురావాలన్న దాని చుట్టూ తిరిగినవే.

మొదటగా తోచే ఉపాయం రసీదు అడగడం. పంపిన యంత్రం ప్రతి గ్రహీత నుంచీ అందినట్టు రసీదు కోరుతుంది, నిర్ణీత గడువులోగా రాకపోతే అదే సందేశాన్ని మళ్ళీ పంపుతుంది. సందేశం చేరి, రసీదు మాత్రమే దారిలో పోయి ఉంటే గ్రహీతకు ఒకే సందేశం రెండుసార్లు అందుతుంది కనుక, ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య వేసి, చూసిన సంఖ్య మళ్ళీ వస్తే పక్కన పడేయమని గ్రహీతకు నేర్పుతారు. ఇద్దరి మధ్య జరిగే సంభాషణకు ఇది చాలావరకు సరిపోతుంది. వేలమంది గ్రహీతలు ఉన్నచోట మాత్రం రసీదులన్నీ ఒక్కసారిగా పంపినవాడి మీదే వచ్చి పడతాయి, సందేశం కంటే రసీదులే పెద్ద భారమవుతాయి. అందుకే 1990లలో శాలీ ఫ్లాయిడ్, వాన్ జేకబ్‌సన్ ప్రభృతులు రూపొందించిన ఒక పద్ధతిలో అందినవారు మౌనంగా ఉంటారు, వరుసలో సంఖ్య తప్పిందని గమనించినవారే నోరు విప్పుతారు. వారు కూడా వెంటనే అడగరు. కొంత యాదృచ్ఛిక వ్యవధి ఆగి, ఈలోగా మరొకరు అదే సందేశాన్ని అడగడం వినబడితే తాము అడగడం మానుకుంటారు.

రసీదుల పద్ధతికి అసలు దెబ్బ మరో వైపు నుంచి తగులుతుంది. పది యంత్రాలకు కబురు పంపవలసిన యంత్రం నాలుగింటికి పంపి ఆగిపోయిందనుకుంటే, మిగిలిన ఆరింటికీ మళ్ళీ పంపవలసిన బాధ్యత ఎవరిది? పంపినవాడే లేనప్పుడు ఎన్ని రసీదుల నియమాలు ఉన్నా అక్కరకు రావు. నాలుగు నకళ్ళు ఒక లెక్క, ఆరు నకళ్ళు మరో లెక్క చూపించే ఈ స్థితి, సందేశం ఎవరికీ చేరకపోవడం కంటే ప్రమాదకరం. శాస్త్రజ్ఞులు నమ్మదగిన ప్రసారాన్ని నిర్వచించేటప్పుడు ఈ కారణంగానే ఎంతో జాగ్రత్తపడ్డారు. పంపినవాడు బతికి ఉంటే సందేశం అందరికీ చేరాలి. మధ్యలో చచ్చిపోతే ఎవరికీ చేరకపోయినా ఫరవాలేదు గాని, సరిగా పనిచేస్తున్న ఒక్క యంత్రమైనా దానిని స్వీకరించి ఉంటే, సరిగా పనిచేస్తున్న మిగిలినవన్నీ స్వీకరించి తీరాలి. ఈ నిర్వచనం ఎక్కడా వేగాన్ని కోరదు, కోరేది ఏకత్వాన్ని.

ఈ కోరికను తీర్చే మార్గం, బాధ్యతను పంపినవాడి మీద నుంచి తీసి విన్నవారందరి మీద పెట్టడం. సందేశం మొదటిసారి అందుకున్న ప్రతి యంత్రమూ దానిని తాను వాడుకునే ముందే తనకు తెలిసిన వారందరికీ తిరిగి పంపుతుంది; రెండోసారి అందితే పట్టించుకోదు. అప్పుడు పంపినవాడు నాలుగింటికి చెప్పి పోయినా ఆ నాలుగూ మిగిలిన ఆరింటికీ చెబుతాయి. వరద నీరు దొరికిన ప్రతి దారినా పారినట్టు సందేశం ప్రతి తీగ వెంటా పారుతుంది కనుక ఇంజినీర్లు దీనికి ఫ్లడింగ్ అని పేరు పెట్టారు. ఎన్ని తీగలు తెగినా, ఎక్కడో ఒక దారి మిగిలి ఉన్నంతకాలం కబురు చేరుతుంది. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇక్కడితో తృప్తిపడి ముందుకు సాగుతాయి. చేరవలసిన సందేశం ఎలా చేరుతుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది నిజమే. చేరకూడని సందేశాన్ని ఎవరు ఆపుతారన్న ప్రశ్నను మాత్రం ఈ పద్ధతి మరింత పదునుగా లేపి వదిలిపెడుతుంది. దాని సంగతి 1980 అక్టోబరు 27న బయటపడింది.

ఆనాటికి అమెరికా రక్షణ శాఖ ఆధ్వర్యంలో నడుస్తున్న అర్పానెట్, నేటి ఇంటర్‌నెట్‌కు మాతృక, పుట్టి 11 ఏళ్ళయింది. అందులో ప్రతి కేంద్రంలోనూ ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్, పొట్టిగా ఐఎంపీ, అనే చిన్న కంప్యూటరు ఉండి, వచ్చిన సమాచారాన్ని సరైన తీగలోకి మళ్ళించేది. నేటి భాషలో అది రౌటరు. ఏ తీగ ఎంత రద్దీగా ఉన్నదో తెలిస్తేనే సరైన దారి ఎంచుకోగలరు కనుక, ప్రతి ఐఎంపీ తన పక్కవారితో ఉన్న తీగల మీద ఆలస్యం ఎంత ఉందో కొలిచి, ఆ వివరాన్ని ఒక చిన్న సందేశంగా అప్పుడప్పుడు నెట్‌వర్కు మొత్తానికి ఫ్లడింగ్ పద్ధతిలో ప్రసారం చేసేది. ఒకే ఐఎంపీ నుంచి పాత కబురు, కొత్త కబురు రెండూ తిరుగుతూ ఉంటే ఏది కొత్తదో గుర్తించడానికి ప్రతి సందేశం మీదా ఒక వరుస సంఖ్య ఉండేది. ఆ సంఖ్యకు కేటాయించిన చోటు ఆరు బిట్లు. ఆరు బిట్లలో 0 నుంచి 63 వరకు మాత్రమే పడతాయి. 63 తరువాత మళ్ళీ 0 రావలసిందే.

గడియారంలో 12 తరువాత 1 వచ్చినా ఒంటిగంట 12 కంటే ముందటిది కాదని అందరికీ తెలిసినట్టే, 63 తరువాత వచ్చిన 0 పాతది కాదని ఐఎంపీలకు చెప్పడానికి ఒక నియమం పెట్టారు. రెండు సంఖ్యల మధ్య తేడా 32కు మించకపోతే పెద్ద సంఖ్య కొత్తది. 32 కంటే ఎక్కువైతే వలయం ఒకసారి తిరిగిందని భావించి చిన్న సంఖ్యే కొత్తదిగా లెక్క. ఒక ఐఎంపీ పేరుతో ఒకేసారి తిరిగే సందేశాలు ఒకదానికొకటి దగ్గరి సంఖ్యలే అయి ఉంటాయన్న నమ్మకం మీద ఈ నియమం నిలబడింది. మామూలు రోజుల్లో ఆ నమ్మకం వమ్ము కాలేదు.

ఆ రోజున 50వ నంబరు ఐఎంపీ పేరుతో మూడు సందేశాలు ఒకేసారి నెట్‌వర్కులో తిరగడం మొదలుపెట్టాయి, వాటి వరుస సంఖ్యలు 44, 40, 8. వీటిని 0, 1 అనే రెండు అంకెల లిపిలో, అంటే బిట్లుగా, రాసి చూస్తే జరిగినది అర్థమవుతుంది: 44 అంటే 101100, 40 అంటే 101000, 8 అంటే 001000. మొదటి దానిలో ఒక 1 రాలిపోతే రెండోది, రెండోదానిలో మరో 1 రాలిపోతే మూడోది. చెడిన జ్ఞాపక భాగం బిట్లను జారవిడిచిందని, అంటే 1గా ఉండవలసిన చోట 0 చూపిందని, తరువాతి పరిశోధన తేల్చింది. తీగ మీద ప్రయాణించేటప్పుడు సందేశం చెడకుండా కాపలా ఉంది. ఐఎంపీ జ్ఞాపకంలో కూర్చుని ఉన్న కొద్దిసేపు మాత్రం ఆ కాపలా లేదు. తప్పుడు సంఖ్య వేసుకున్న సందేశం మళ్ళీ తీగ ఎక్కినప్పుడు, తీగ కాపలాదారు దానిని నిష్కళంకమైనదిగానే ధ్రువీకరించి పంపించాడు.

ఇప్పుడు పై నియమాన్ని ఈ మూడు సంఖ్యలకు వర్తింపజేయాలి. 40కీ 44కీ తేడా 4 కనుక 44 కొత్తది. 8కీ 40కీ తేడా సరిగ్గా 32 కనుక 40 కొత్తది. 44కీ 8కీ తేడా 36, అంటే 32 దాటింది కనుక, 8 కొత్తది. 8ని తోసి 40, 40ని తోసి 44, 44ని తోసి మళ్ళీ 8: ఏ ఐఎంపీ దగ్గర ఏది ఉన్నా, పక్కవారి నుంచి వచ్చే మరొకటి దానికి కొత్తదిగానే కనిపిస్తుంది. కొత్త సందేశం వస్తే స్వీకరించి అన్ని వైపులకూ పంపాలన్నది నియమం కనుక ప్రతి ఐఎంపీ నియమం తప్పకుండా స్వీకరించింది, నియమం తప్పకుండా పంపింది. దారుల సమాచారం అతి ముఖ్యమైనది కాబట్టి వాటికి మిగిలిన పనులన్నింటి కంటే ముందు స్థానం ఇచ్చి ఉంచారు. దాంతో ఐఎంపీల సమయమూ, సందేశాలు దాచుకునే చోటూ ఈ మూడింటి చక్రభ్రమణానికే సరిపోయి, సామాన్య సమాచారానికి చోటు లేక అర్పానెట్ కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది.

చికిత్స కూడా అంత సులువుగా దొరకలేదు. అనుమానం వచ్చిన ఐఎంపీని ఆపి మళ్ళీ ప్రారంభిస్తే, పక్కనున్నది క్షణంలో ఆ మూడు సందేశాలనూ దానికి తిరిగి అందించేది, ఎందుకంటే వాటి నకళ్ళు నెట్‌వర్కు అంతటా ఉన్నాయి. ఏ గుణం వల్ల ఫ్లడింగ్ నమ్మదగినదైందో, అంటే ఎక్కడ ఒక్క ప్రతి మిగిలినా అది అందరికీ చేరడం, ఆ గుణమే ఇప్పుడు రోగాన్ని మోస్తున్నది. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో అర్పానెట్‌ను పర్యవేక్షించే బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థ ఇంజినీర్లు చివరకు 50వ నంబరు పేరుతో వచ్చే సందేశాలను పట్టించుకోవద్దని చెప్పే చిన్న సవరణను ఐఎంపీల ప్రోగ్రాములో చేర్చి, చక్రాన్ని తెంచారు. ఆ సంస్థకు చెందిన ఎరిక్ రోజెన్ 1981లో ఈ ఉదంతాన్ని ఒక నివేదికగా ప్రచురించాడు. తమ సొంత వ్యవస్థ వైఫల్యాన్ని ఇంత నిర్మొహమాటంగా విడమరచిన పత్రాలు ఆ రంగంలో అరుదు. నేటికీ దానిని చదివినవారికి నియమాలు రాయడంలో మెలకువ పెరుగుతుంది.

హార్డ్‌వేర్ చెడింది కనుక ఇది హార్డ్‌వేర్ తప్పిదమని చెప్పి వదిలేయవచ్చు. నెట్‌వర్కు పరిశోధకురాలు ర్యాడియా పెర్ల్‌మన్ అలా వదలలేదు. ఆమె 1983లో ప్రచురించిన పత్రంలో అడిగిన ప్రశ్న వేరు: చెడిన యంత్రాన్ని తీసేసిన తరువాత కూడా నెట్‌వర్కు ఎందుకు కోలుకోలేకపోయింది? చెడు యంత్రం ఉన్నంతసేపూ వ్యవస్థ తడబడితే సహించవచ్చు. అది పోయాక, దాని పాపం మాత్రం మిగిలి మంచి యంత్రాల మధ్య శాశ్వతంగా తిరుగుతూ ఉంటే, తప్పు నియమంలో ఉన్నట్టే. వ్యవస్థ ఎంత అస్తవ్యస్త స్థితిలో ఉన్నా, బయటి సాయం లేకుండా కొంతకాలానికి తనంతట తానే సరైన స్థితికి చేరుకోగలగడాన్ని స్వయం స్థిరీకరణ అంటారు. ఈ భావనను 1974లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ప్రతిపాదించాడు. పెర్ల్‌మన్ దానిని ప్రసార నియమాలకు కొలమానంగా నిలబెట్టింది.

చేయవలసినవి రెండు తేలాయి. మొదటిది వరుస సంఖ్యల వలయాన్ని వదిలించుకోవడం. వలయం మీద మూడు బిందువులను ఒకదాని తరువాత మరొకటి వచ్చేలా ఎప్పుడైనా అమర్చవచ్చు. సరళరేఖ మీద అది అసాధ్యం, ఏ మూడు సంఖ్యలు తీసుకున్నా వాటిలో అన్నింటికంటే పెద్దది ఒకటి ఉండి తీరుతుంది. పెర్ల్‌మన్ మొదట సూచించినది సరళరేఖగా మొదలై చివర వలయంలో కలిసే అమరిక, దాని ఆకారాన్ని బట్టి ఇంజినీర్లు లాలీపాప్ అన్నారు. తరువాత వచ్చిన నియమావళులు ఆ చివరి వలయాన్ని కూడా తొలగించి పూర్తి సరళరేఖను ఎంచుకున్నాయి. రెండోది సందేశానికి ఆయుర్దాయం పెట్టి, ఆ వయసు లెక్కను కట్టుదిట్టం చేయడం. వయసు మీరిన సందేశం ఎంత కొత్త సంఖ్య ధరించి ఉన్నా నెట్‌వర్కు నుంచి తొలగిపోవాలి.

నేడు సంస్థల అంతర్గత నెట్‌వర్కుల్లో విరివిగా నడిచే ఓఎస్‌పీఎఫ్ అనే దారి నిర్ణయ నియమావళిని తెరిచి చూస్తే 1980 నాటి గాయపు మచ్చలు పేజీపేజీకీ కనిపిస్తాయి. వరుస సంఖ్యకు ఆరు బిట్లకు బదులు 32 బిట్లు ఇచ్చారు. ఒక రౌటరు ఒకే సమాచారాన్ని 5 సెకన్లకు ఒకసారి కంటే తరచుగా మార్చి చెప్పకూడదన్న మరో నియమం ఉంది కనుక, ఆ సంఖ్యలు అయిపోవడానికి 600 ఏళ్ళకు పైగా పడుతుంది. పొరపాటున అయిపోయినా, పాతదానిని నెట్‌వర్కు అంతటా చెరిపిన తరువాతనే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ప్రతి సందేశానికీ ఆయుర్దాయం 3600 సెకన్లు. దానిని పుట్టించిన రౌటరు బతికి ఉంటే అరగంటకు ఒకసారి పునరుద్ధరిస్తుంది, లేకపోతే గంటలో అది అంతరిస్తుంది. సందేశం ఒక రౌటరు నుంచి మరోదానికి దాటిన ప్రతిసారీ దాని వయసు కొంతైనా పెరగాలి కనుక, ఎంత వేగంగా గిరగిరా తిరిగినా చావును తప్పించుకోలేదు. అన్నింటికంటే ముచ్చటైనది మరొకటి: సందేశంలోని అంకెలన్నింటినీ ఒక లెక్క ప్రకారం కలిపి రాసుకునే సరిచూపు సంఖ్యను చెక్‌సమ్ అంటారు, ఓఎస్‌పీఎఫ్ రౌటరు ఆ చెక్‌సమ్‌ను సందేశం వచ్చినప్పుడు ఒకసారి చూసి ఊరుకోదు, తన జ్ఞాపకంలో కదలకుండా ఉన్న సందేశాలను కూడా వాటి వయసు 5 నిమిషాలు పెరిగినప్పుడల్లా మళ్ళీ లెక్కగట్టి చూసుకుంటుంది. తన జ్ఞాపకాన్ని తానే అనుమానించడం ఆ యంత్రానికి విధిగా నిర్ణయించారు.

ఇంతవరకు చెప్పిన యంత్రాలు చెడవచ్చు గాని మోసం చేయవు. ఒకరికి ఒక మాట, మరొకరికి మరో మాట చెప్పే యంత్రం సముదాయంలో ఉంటే, విన్నవారు తాము విన్నది తిరిగి పంపినంత మాత్రాన ఏకత్వం సిద్ధించదు. ఇటువంటి యంత్రాలను లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ 1982లో రాసిన పత్రం నుంచి బైజాంటైన్ యంత్రాలని పిలుస్తున్నారు. వాటి మధ్య కూడా నమ్మదగిన ప్రసారం చేయగల పద్ధతిని గాబ్రియేల్ బ్రాచా 1980లలో అందించాడు. మోసగాళ్ళ సంఖ్య మొత్తంలో మూడోవంతు కంటే తక్కువగా ఉండాలన్నది దాని షరతు. అంటే ఒక మోసగాడిని తట్టుకోవాలంటే కనీసం నాలుగు యంత్రాలు కావాలి.

ఆ నలుగురినే తీసుకుని చూస్తే పద్ధతి తేటపడుతుంది. పంపేవాడే మోసగాడని, మిగిలిన ముగ్గురు సత్యవంతులని అనుకోవాలి. మోసగాడు ఇద్దరికి 500 అని, మూడోవారికి 700 అని చెబుతాడు. విన్న ప్రతి ఒక్కరూ దానిని నమ్మకుండా, తాము విన్నది ఇదీ అని అందరికీ ప్రతిధ్వనిగా పంపుతారు. ఒకే విలువకు ముగ్గురి ప్రతిధ్వనులు వినబడితే ఆ విలువకు సిద్ధమని ప్రకటిస్తారు. 700కు ఒక సత్యవంతుడి ప్రతిధ్వని, దానికి తోడు మోసగాడిది కలిసినా రెండే అవుతాయి కనుక ఆ విలువ అక్కడే ఆగిపోతుంది. 500కు ఇద్దరి ప్రతిధ్వనికి మోసగాడిది తోడైతే మూడు కావచ్చు. అయితే మోసగాడు తన ప్రతిధ్వనిని ఒకరికి మాత్రమే వినిపించి మిగిలినవారిని చీకట్లో ఉంచడానికి ప్రయత్నిస్తాడు కనుక బ్రాచా మరో రెండు నియమాలు చేర్చాడు: తాను స్వయంగా ప్రతిధ్వనులు చాలినన్ని వినకపోయినా ఇద్దరు సిద్ధమని ప్రకటిస్తే తానూ సిద్ధమని ప్రకటించాలి, ముగ్గురు సిద్ధమన్నాకే విలువను స్వీకరించాలి. ఎవరైనా ఒక సత్యవంతుడు 500ను స్వీకరించాడంటే అతను విన్న మూడు ప్రకటనల్లో మోసగాడిది ఒక్కటి కంటే ఎక్కువ ఉండదు, కాబట్టి కనీసం రెండు నిజమైనవి. నిజమైన ప్రకటన అందరికీ చేరుతుంది. ఆ రెండూ విన్న ప్రతి సత్యవంతుడూ తానూ ప్రకటిస్తాడు, అప్పుడు ముగ్గురు సత్యవంతుల ప్రకటనలూ అందరికీ అందుతాయి, ఎవరూ వెనుకబడరు.

దీని అందమంతా ఎక్కడా గడియారం అవసరం లేకపోవడంలో ఉంది. సందేశాలు ఎంత ఆలస్యమైనా ఏకత్వం చెదరదు. వెల మాత్రం తక్కువేమీ కాదు. ప్రతి ఒక్కరూ అందరికీ రెండుసార్లు చెప్పాలి కనుక నూరు యంత్రాల సముదాయంలో ఒక్క ప్రసారానికి 20 వేల దాకా సందేశాలు నడుస్తాయి. మోసం జరిగే అవకాశం ఉన్న చోట్ల, పరస్పరం నమ్మకం లేని సంస్థలు కలిసి నడిపే లెక్కల పుస్తకాల వంటి వాటిలో, ఈ వెలను చెల్లించక తప్పదు.

సందేశాలన్నీ అందరికీ చేరడమే కాక అందరికీ ఒకే వరుసలో చేరాలన్న కోరిక వేరే ప్రపంచం. వెయ్యి రూపాయల ఖాతాలో ముందు 100 జమచేసి ఆపైన పది శాతం వడ్డీ కలిపిన నకలు 1210 చూపిస్తుంది, ముందు వడ్డీ కలిపి తరువాత 100 జమచేసిన నకలు 1200 చూపిస్తుంది. వరుసను కూడా కాపాడే ప్రసారాన్ని అటామిక్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. అది యంత్రాలన్నీ ఏకాభిప్రాయానికి రావడంతో సమానమైన సమస్య అని తుషార్ చంద్ర, శామ్ టూగ్ 1996లో నిరూపించారు. ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా, ఆలస్యాలకు హద్దు లేని నెట్‌వర్కులో, యాదృచ్ఛికతను వాడని ఏ పద్ధతీ ఏకాభిప్రాయానికి కచ్చితంగా చేరగలనని హామీ ఇవ్వలేదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లోనే తేల్చి ఉన్నారు. పాక్సోస్, రాఫ్ట్ వంటి ఏకాభిప్రాయ పద్ధతులు ఆ గోడను ఎలా చుట్టివచ్చాయన్నది ప్రత్యేక అధ్యాయం కాదగిన విషయం.

కచ్చితత్వాన్ని కొంత వదులుకుంటే ఎంత చౌకగా ప్రసారం చేయవచ్చో 1987లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో అలన్ డెమర్స్ బృందం చూపించింది. ఆ సంస్థ నెట్‌వర్కులో పేర్ల చిట్టా ఒకటి ఉండేది, దాని నకళ్ళు వందల కొద్దీ చోట్ల చెదిరి ఉండేవి. మార్పులను అందరికీ ఉత్తరాల రూపంలో పంపే పాత ఏర్పాటు నెట్‌వర్కు మీద మోయలేని భారం మోపుతూ ఉండేది. డెమర్స్ బృందం పుకార్లు పాకే తీరును అరువు తెచ్చుకుంది: కొత్త సంగతి తెలిసిన యంత్రం ఎవరో ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచుకుని చెబుతుంది, ఇద్దరూ మరో ఇద్దరికి చెబుతారు, అప్పటికే తెలిసినవారు తగులుతూ ఉంటే చెప్పే ఉత్సాహం తగ్గి క్రమంగా మానేస్తారు. ఎంత త్వరగా మానేయాలన్నదే కీలకం. తెలిసినవారు ఒక్కరు తగిలితే చాలు మానేయవచ్చన్న స్థాయిలో నడిపితే ఐదోవంతు మందికి సంగతి తెలియకుండా పోతుందని, సగటున రెండుసార్లు తగిలేదాకా కొనసాగిస్తే తెలియనివారు ఆరు శాతానికి తగ్గుతారని వారి గణితం చెప్పింది. ఆ మిగిలినవారి కోసం అప్పుడప్పుడు రెండేసి యంత్రాలు తమ చిట్టాలను మొత్తంగా పోల్చుకుని సరిచేసుకునే ఏర్పాటు చేశారు.

చెరిపివేత దగ్గర వారికి ఊహించని ఇబ్బంది ఎదురైంది. ఒక పేరును తన చిట్టా నుంచి కొట్టివేసిన యంత్రం, ఆ పేరు ఇంకా ఉన్న యంత్రంతో పోల్చుకున్నప్పుడు, లేనిది తనకు అందని కొత్త సంగతి అనుకుని మళ్ళీ చేర్చుకుంటుంది. చనిపోయిన పేరు తిరిగి లేచి వస్తుంది. అందుకని కొట్టివేసిన ప్రతి పేరుకూ ఒక మరణ ధ్రువపత్రం రాసి, ఆ పత్రాన్ని కూడా పుకారులాగే ప్రచారం చేయవలసి వచ్చింది. ఆ పత్రాలను ఎంతకాలం దాచాలన్నది మరో తలనొప్పి. శాశ్వతంగా దాచితే చిట్టా నిండా మృతులే మిగులుతారు, తొందరపడి పారేస్తే ఎక్కడో మూలన ఆగి ఉన్న యంత్రం మేలుకొని పాత పేరును తిరిగి పాకిస్తుంది. కొద్దిచోట్ల మాత్రం వాటిని నిద్రాణంగా ఉంచి, పాత పేరు తలెత్తినప్పుడు మేలుకొలపడం వారు ఎంచుకున్న మధ్యేమార్గం.

పుకార్ల పద్ధతికి గాసిప్ అన్న పేరు స్థిరపడి, పెద్ద సంస్థల సర్వర్ల మధ్య ఏది బతికి ఉంది, ఏది ఆగింది అన్న కబుర్లు తిప్పడానికి నేడు విస్తృతంగా వాడుకలో ఉంది. అమెజాన్ సంస్థ నడిపే ఎస్3 అనే ఫైళ్ళ నిల్వ సేవలోనూ అదే పద్ధతి ఉండేది. 2008 జూలై 20న ఆ సేవ కొన్ని గంటలపాటు ఆగిపోయిన తరువాత సంస్థ విడుదల చేసిన వివరణ, అర్పానెట్ కథ తెలిసినవారికి కొత్తగా అనిపించదు. సర్వర్లు ఒకదానితో ఒకటి చెప్పుకునే స్థితి సమాచారంలో, గుప్పెడు సందేశాల్లో, ఒక్కొక్క బిట్ చెడింది. సందేశం చదవడానికి వీలుగానే ఉంది, అందులోని సంగతి మాత్రం తప్పు. ఆ తప్పు గాసిప్ ద్వారా సర్వర్లన్నింటికీ పాకింది. సర్వర్లు తమలో తాము కబుర్లాడుకోవడంలోనే మునిగిపోయి వినియోగదారుల అభ్యర్థనలకు జవాబు ఇవ్వలేకపోయాయి. చివరకు ఇంజినీర్లు సర్వర్ల మధ్య సంభాషణను పూర్తిగా ఆపి, పేరుకున్న స్థితి సమాచారాన్ని తుడిచి, వ్యవస్థను మళ్ళీ మొదటి నుంచి లేపవలసి వచ్చింది.

జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రంలో ఇటువంటిదే మరో ఉదంతం ఉంది: ఎంఐటీలోని ఒక నెట్‌వర్కులో ప్రతి తీగ మీదా చెక్‌సమ్ కాపలా ఉండగా, మధ్యలో ఉన్న గేట్‌వే యంత్రం జ్ఞాపకంలో బైట్లు తారుమారై ఫైళ్ళు చెడిపోయాయి, తీగలను నమ్ముకున్నవారు తమ ప్రోగ్రాములను కాగితం ప్రతులతో చేత్తో సరిపోల్చుకోవలసి వచ్చింది. దారి పొడవునా ఎన్ని కాపలాలు పెట్టినా సరే, సందేశం రాసిన చోట వేసిన ముద్రను చదివే చోట సరిచూడాలన్నది ఆ ముగ్గురి వాదన. ఎస్3లో అది తెలియక కాదు. వినియోగదారుల ఫైళ్ళ విషయంలో ఎండీ5 అనే చెక్‌సమ్‌ను అడుగడుగునా సరిచూసేవారు. సర్వర్లు తమలో తాము చెప్పుకునే కబుర్లకు మాత్రం దానిని వేయలేదు. ఆ వైఫల్యం తరువాత వాటికీ చెక్‌సమ్ వేసి, చెడినవాటిని నమోదు చేసి పారేసే ఏర్పాటు చేశారు, గాసిప్ వేగాన్ని సవరించారు, స్థితి సమాచారాన్ని తుడిచి మళ్ళీ లేపడానికి పట్టే సమయాన్ని తగ్గించారు.